దుంగల ఇల్లు

'ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు' అని మన పెద్దలంటారు. ఆ మాట అన్నవారికి కనీసం ఒక తాపీమేస్త్రీ, నాలుగు బళ్ళ ఇటుక, తడికి సున్నం దొరికే ఊరైనా ఉండి ఉంటుంది. 1816వ సంవత్సరం డిసెంబరులో అమెరికాలోని ఇండియానా అడవికి చేరిన థామస్ లింకన్‌కు వాటిలో ఏ ఒక్కటీ లేదు. వడ్రంగి కావాలంటే తానే వడ్రంగి. కలప కావాలంటే ఎటు చూసినా చెట్లే. వెంట భార్య నాన్సీ, తొమ్మిదేళ్ళ కూతురు శారా, ఇంకా ఎనిమిదేళ్ళు నిండని కొడుకు అబ్రహాం ఉన్నారు. తల మీద కప్పు లేదు. చలి రోజురోజుకూ ముదురుతోంది.

ఉన్న ఊరు వదిలి, అదీ చలికాలంలో, అడవికి రావడమెందుకు? వారు అంతవరకు కెంటకీ రాష్ట్రంలో ఉండేవారు. అక్కడ భూముల కొలతలు సరిగా జరగలేదు. ఒకే పొలం నాదంటే నాదని ఇద్దరు ముగ్గురు వ్యాజ్యానికి దిగేవారు. డబ్బిచ్చి కొన్నవాడికి కూడా అది తనదన్న భరోసా లేదు. ఒహాయో నది దాటితే ఇండియానా. అక్కడ ప్రభుత్వమే భూమిని కొలిపించి అమ్మేది. కెంటకీలో బానిసలతో పని చేయించే ఆచారం కూడా ఉండేది. కొంతవరకు ఆ బానిసత్వం వల్ల, ముఖ్యంగా భూమి హక్కుల చిక్కుల వల్ల తన తండ్రి ఊరు మారాడని అబ్రహాం పెద్దయిన తరువాత రాశాడు. సాగుకు నాలుగెకరాలు వెతుక్కుంటూ పొరుగు సీమకు తరలివచ్చిన తాతముత్తాతల కథలు మనలో చాలామంది ఇళ్ళలో వినబడేవే. కనుక థామస్ తొందర మనకు కొత్తగా తోచదు.

నది దాటాక దారి లేని చోట చెట్లు నరుక్కుంటూ వచ్చి, లిటిల్ పిజన్ క్రీక్ అనే వాగు ప్రాంతంలో ఆగారు. మొదట తల దాచుకోవడానికి ఒక పాక. మూడు వైపులా కొమ్మలతో, దుంగలతో మూసి, నాలుగో వైపు తెరిచి ఉంచే పాక అది. తెరిచిన వైపు రాత్రింబవళ్ళు నెగడు మండుతూ ఉండాలి. గాలి ఎదురు తిరిగితే పొగంతా లోపలికే. నెగడు ఆరితే చలి, రాజుకుంటే కంట్లో నీళ్ళు. ఆ చలికాలమంతా వారు దానిలోనే గడిపారని వారి బంధువొకడు తరువాత చెప్పాడు. అబ్రహాం రాతను బట్టి చూస్తే మాత్రం ఫిబ్రవరి నాటికే కొత్త ఇంటి గోడలు లేచాయి.

దుంగల ఇల్లు కట్టే తీరు చూడముచ్చటగా ఉంటుంది. ముందు ఒకే లావు చెట్లను ఎంచి పడగొడతారు. కొమ్మలు నరికి, కావలసిన పొడవుకు కోసి, పశువులతో లాగించి తెస్తారు. ప్రతి దుంగకూ రెండు కొసల దగ్గర గొడ్డలితో గాడి కొడతారు. ఒక దుంగ గాడిలో మరో దుంగ అడ్డంగా కూర్చుంటుంది. అలా నాలుగు మూలలూ ఒకదానినొకటి పట్టుకుంటూ గోడ పైకి లేస్తుంది. ఒక్క ఇనుప మేకు కూడా అక్కర లేదు. గాడి వదులైతే గోడ కదులుతుంది, బిగువైతే దుంగ దిగదు. ఇంటి బలమంతా ఆ మూలల్లోనే ఉంది. గోడ నడుమెత్తు దాటిన తరువాత ఒక్కడి వల్ల కాదు. రెండు వాసాలు ఏటవాలుగా ఆనించి, వాటి మీదుగా దుంగను పైకి దొర్లించాలి. అందుకు అల్లంత దూరపు ఇరుగుపొరుగులు కూడా వచ్చి చేయి వేసేవారు. మన పల్లెల్లో పాక కప్పడానికి నలుగురూ వచ్చినట్టే అన్నమాట. పైకప్పుకు చీల్చిన చెక్కలు పరిచి, అవి గాలికి లేవకుండా పైన బరువుకు వాసాలు పెట్టేవారు.

ఎంత ఏరి తెచ్చినా చెట్లు గీత గీసినట్టు ఉండవు కదా! దుంగకూ దుంగకూ మధ్య సందులు మిగులుతాయి. వాటిలో చెక్కపేళ్ళు దూర్చి, గడ్డి కలిపి తొక్కిన బంకమన్నుతో మెత్తుతారు. అసలు కష్టం ఇక్కడే వస్తుంది. చలికాలంలో నేల గడ్డకట్టి గడ్డపారకు కూడా లొంగదు. ఎలాగో తవ్వి తెచ్చినా, మెత్తిన మన్ను ఆరకముందే అందులోని నీరు మంచుగా బిగుస్తుంది. ఎండ తగలగానే పెళ్ళలు పెళ్ళలుగా రాలుతుంది. పైగా అప్పుడే కొట్టిన పచ్చి కలప. అది ఎండేకొద్దీ కుంచించుకుపోయి సందులు ఇంకా పెరుగుతాయి. చలికాలంలో కట్టిన ఇల్లు వెంటనే ఇల్లు కాదు, చాలా రోజులు జల్లెడే.

ఇంత పనిలో ఏడేళ్ళవాడు చేయగలిగేది ఏమిటని అనిపించవచ్చు. వయసుకు మించి ఎదిగిన పిల్లవాడు కనుక అక్కడికి రాగానే తన చేతికి గొడ్డలి ఇచ్చారని 1860లో అబ్రహాం రాశాడు. ఇరవై మూడో ఏడు వచ్చేదాకా, దుక్కి, కోతల రోజుల్లో తప్ప, అది దాదాపు ఎప్పుడూ తన చేతిలోనే ఉండేదట. విచిత్రమేమంటే, ఆ వృత్తాంతంలో అతడు తనను గురించి 'నేను' అనలేదు. ఎవరో పరాయివాడి సంగతి చెబుతున్నట్టు 'అతడు' అనే రాసుకున్నాడు.

లావు చెట్టును పడగొట్టడం తండ్రి వంతు. పడిన చెట్టు కొమ్మలు కొట్టడం, పొదలు నరికి కుప్ప వేయడం, పేళ్ళు ఏరి నెగడులో వేయడం, మన్ను తొక్కడం, నీళ్ళు మోయడం — ఆ కాలపు అడవి కాపురాలలో ఇవి పిల్లల పనులు. చిన్న పనులే, కాని వాటిలో ఏది ఆగినా పెద్దవాడి చేయి కూడా ఆగుతుంది. గొడ్డలి పని ఆటా కాదు. గడ్డకట్టిన కొయ్య మీద దెబ్బ జారితే అది కాలి మీదే పడుతుంది. గట్టి చలిలో ఉక్కు పెళుసుబారి అంచు విరుగుతుంది. అందుకని పొద్దున్నే గొడ్డలిని నిప్పు దగ్గర కాస్త కాచి మరీ పనికి దిగడం అడవి పనివారి అలవాటు.

పొయ్యి వెలుగులో బోర్లా పడుకుని పుస్తకం చదువుతున్న లింకన్ బొమ్మ చాలా పుస్తకాలలో కనబడుతుంది. ఆ పొయ్యిలోకి కట్టెలు కొట్టిందెవరో మాత్రం బొమ్మలో కనబడదు.

కొత్త ఇంటి రోజులలో జరిగిన సంగతి ఒకటి అబ్రహాం తానే రాశాడు. అతనికి ఎనిమిదేళ్ళు నిండడానికి ఇంకా కొద్ది రోజులుంది. అంటే 1817 ఫిబ్రవరి మొదటి వారాలన్నమాట. తండ్రి ఇంట్లో లేడు. అడవి టర్కీ కోళ్ళ గుంపొకటి ఇంటి దగ్గరికి వచ్చింది. కుర్రవాడు తుపాకి తీసుకుని, లోపలే నిలబడి, గోడ సందులో నుంచి కాల్చాడు. ఒక కోడి పడిపోయింది. ఆ సందు సంగతి గమనించారా? తుపాకి గొట్టం పట్టేంత ఖాళీ గోడలో ఇంకా ఉంది. నడిచలికాలంలో ఆ ఇంట్లో నలుగురూ ఎలా పడుకున్నారో దాన్ని బట్టే తెలుస్తుంది. ఆకలి రోజులలో అంత పెద్ద కోడి దొరకడం ఇంటిల్లిపాదికీ పండుగే అయి ఉండాలి. అబ్రహాం మాత్రం అంతకన్నా పెద్ద జంతువు మీద ఆ తరువాత ఎన్నడూ తుపాకి ఎత్తలేదు.

ఇల్లు లేచిందే గాని పూర్తి కాలేదు. పొలం చేయడానికి చెట్లు కొట్టాలి, మొక్కజొన్న వేయాలి. ఇంటి మిగులు పని వెనకబడింది. 1818 అక్టోబరు 5న తల్లి నాన్సీ చనిపోయింది. అడవిలో ఒక విషపు మొక్కను మేసిన ఆవుల పాలు తాగడం వల్ల వచ్చే జబ్బు అది. అప్పట్లో దాని కారణం ఎవరికీ అంతుపట్టలేదు. ఇల్లు కట్టిన చేతులతోనే థామస్ ఆమెకు శవపేటిక కూడా చేశాడు. ఆ తరువాత ఏడాదికి పైగా పన్నెండేళ్ళ శారాయే వంటా వార్పూ చూసింది.

1819 చివర థామస్ కెంటకీ వెళ్ళి ఒక వితంతువును పెళ్ళి చేసుకుని వచ్చాడు. ఆమె పేరూ శారాయే. తన ముగ్గురు పిల్లలతో ఆమె ఆ ఇంట్లో అడుగుపెట్టేనాటికి కింద మట్టినేలే ఉంది. ఆమె పట్టుబట్టి నేలకు చెక్కలు వేయించింది, తలుపూ కిటికీ సరిచేయించింది. కట్టడం మొదలుపెట్టిన మూడేళ్ళకు గాని అది నిండుగా ఇల్లు కాలేదు. అప్పుడందులో ఎనిమిది మంది. అటక మీద పడుకునే మగపిల్లలు గోడకు కొట్టిన కొయ్యమేకుల మీద కాలు వేసుకుని ఎక్కేవారట.

ఆ గొడ్డలి పనుల మధ్య దొరికిన తీరికలోనే చదువు. తాను బడిలో గడిపిన రోజులన్నీ కలిపినా ఒక ఏడాది కాదని అబ్రహాం రాశాడు. 1830లో కుటుంబం మళ్ళీ తరలి ఇల్లినాయ్ వెళ్ళింది. అక్కడ మరో దుంగల ఇల్లు లేచింది. ఈసారి అతనికి ఇరవై ఒక్కేళ్ళు, తండ్రికి సమానంగా బరువెత్తాడు. 1861లో అమెరికా అధ్యక్షుడైనది అతడే.

ఇండియానాలో వారున్న చోటు 1962 నుంచి జాతీయ స్మారక స్థలం. పాత ఇల్లు లేదు. అది ఉన్న చోట అడుగు వరస దుంగలను, పొయ్యిని కంచుతో పోతపోసి పెట్టారు. థామస్ నరికి పొలం చేసిన నేల మీద మళ్ళీ చెట్లు నాటి పెంచారు. నాన్సీ సమాధి అక్కడికి నడిచి వెళ్ళేంత దూరంలోనే ఉంది.