కరెంటు కారులో పుట్టింటికి

పెళ్ళయి ఎన్నేళ్ళయినా పుట్టింటి ప్రయాణం అనేసరికి మన ఆడవాళ్ళకి ఎక్కడలేని హుషారూ వచ్చేస్తుంది. అవునా, కాదా? కానీ ఆ ప్రయాణానికి ముందు ఎన్ని కుదరాలో కూడా మీకు తెలిసిందే. రైలు టిక్కెట్టు దొరకాలి. పిల్లల పరీక్షలు అయిపోవాలి. శ్రీవారికి సెలవు కుదరాలి. కారులో వెళదామా అంటే, "రానూ పోనూ పెట్రోలుకే అయిదు వేలు పైన అవుతుంది, ప్రతినెలా అంటే ఎలా?" అన్న మాట ఎదురవుతుంది. తప్పు పట్టడానికి లేదు, లెక్క నిజమే కదా!

మా అమ్మ ఉండేది తాడేపల్లిగూడెం దగ్గర ఓ పల్లెటూళ్ళో. నాన్నగారు పోయిన దగ్గర్నించీ ఒక్కతే ఉంటోంది. ఎనభై ఏళ్ళ మనిషి. అన్నయ్య అమెరికాలో ఉన్నాడు. నేను హైదరాబాదులో. "మా దగ్గరకి వచ్చెయ్యవే అమ్మా" అంటే, "ఈ గడప దిగితే నాకు ఊపిరాడదే" అంటుంది. కనుక నేనే వెళ్ళాలి. ఇంటినుంచి సుమారు 380 కిలోమీటర్లు.

2023లో మేము బ్యాటరీ కారు కొన్నాం. కొన్న రోజున మా ఆడపడుచు, "ఊళ్ళో కూరగాయలకి బాగానే ఉంటుంది గానీ వదినా, దానితో మీ ఊరు వెళతావా ఏమిటి!" అని నవ్వింది. ఆ మాట నాలో పట్టుదల పెంచిందనే చెప్పాలి. ఇప్పటికి ఇరవైసార్లకి పైగా వెళ్ళివచ్చాను. సగంసార్లు నేనొక్కదాన్నే. మీలో చాలామందికి ఇటువంటి కారు కొనే ఆలోచన ఉండొచ్చు, దూరం వెళ్ళడానికి భయం కూడా ఉండొచ్చు. నాకు తెలిసింది మీకు చెబుతాను.

ముందు యూనిట్ల సంగతి. మనింటి కరెంటు బిల్లులో ఉండే యూనిట్టే ఇదీను. మా కారు బ్యాటరీలో సుమారు 40 యూనిట్లు పడతాయి. కంపెనీ కాగితం మీద నాలుగొందల కిలోమీటర్లు పైన వేశారు. అది పరీక్షశాలలో రోలర్ల మీద కారు నడిపి తీసే లెక్క. రోడ్డుమీద ఏ.సి. వేసుకుని, గంటకి 85 కిలోమీటర్ల వేగంతో వెళితే మాకు యూనిట్‌కి ఆరున్నర కిలోమీటర్లు వస్తున్నాయి. అంటే నిండా ఛార్జి చేస్తే 260 కిలోమీటర్లన్నమాట. మీరు కారు కొనేటప్పుడు కాగితం మీది అంకెలో మూడోవంతు తీసేసి చూసుకోండి. దారిలో నిరాశపడక్కర్లేదు.

ఇంట్లో ప్లగ్గుకి పెడితే రాత్రంతా పడుతుంది, రోడ్డు పక్కన ఫాస్ట్ ఛార్జర్‌కి పెడితే అరగంట, ముప్పావుగంట చాలు. ఎందుకో తెలుసా? ఇంట్లోకి వచ్చేది ఏ.సి. కరెంటు. బ్యాటరీ పుచ్చుకునేది డి.సి. కరెంటు. ఒకదాన్ని ఇంకోదానిగా మార్చే పెట్టె కారులోనే చిన్నది ఒకటి ఉంటుంది. ఫాస్ట్ ఛార్జర్ దగ్గర ఆ మార్చే యంత్రం బయటే, నిలువెత్తు బీరువాలాంటి దానిలో, పెద్దది ఉంటుంది. ఇంట్లో మిక్సీలో పిండి పట్టుకోవడానికీ, పిండిమరకి తీసుకెళ్ళడానికీ ఎంత తేడానో ఇదీ అంతే.

ఇంకో సంగతి. ఫాస్ట్ ఛార్జర్ దగ్గర 80 శాతం దాకా గబగబా ఎక్కుతుంది, తర్వాత నెమ్మదిస్తుంది. డబ్బాలో కందిపప్పు పోసేటప్పుడు మొదట ధారగా పోస్తాం, అంచు దగ్గరకొచ్చేసరికి ఒలికిపోకుండా చెయ్యి బిగబడతాం చూడండి, అలాగన్నమాట. ఆ చివరి ఇరవై శాతం కోసం కూర్చుంటే కాలహరణం. అక్కడితో ఆపి, ముందున్న ఛార్జర్ దగ్గర మళ్ళీ పెట్టుకోవడమే మేలు. ఎండాకాలం మధ్యాహ్నం బ్యాటరీ వేడెక్కి ఉంటే ఇంకా నెమ్మదిగా ఎక్కుతుంది. అందుకే వేసవిలో నేను తెల్లవారుజామునే బయలుదేరతాను.

నా ప్రయాణం ఇలా సాగుతుంది. రాత్రి ఇంట్లో నిండా ఛార్జి చేసుకుని అయిదింటికి బయలుదేరతాను. చౌటుప్పల్, నార్కట్‌పల్లి, నకిరేకల్ దాటి సూర్యాపేట చేరేసరికి 45 శాతం మిగులుతుంది. అక్కడ అరగంట ఆగి 80కి తెచ్చుకుంటాను. టిఫినూ, కాఫీ అయ్యేసరికి అదీ అయిపోతుంది. సూర్యాపేటనుంచి విజయవాడ 135 కిలోమీటర్లు. అక్కడ ముప్పావుగంట. ఆ తర్వాత ఏలూరు మీదుగా మా ఊరు. ఇంటికి చేరేసరికి ఇంకా 35, 40 శాతం ఉంటుంది. పెట్రోలు కారుతో పోలిస్తే గంటంబావు ఎక్కువ పడుతుంది. ఏ మాటకా మాటే చెప్పుకోవాలి. కానీ రెండు గంటలకోసారి దిగి నాలుగడుగులు వేస్తున్నాను కాబట్టి, ఇదివరకులా మోకాళ్ళు పట్టెయ్యడం లేదు.

ఇక ఖర్చు. దారిలో ఛార్జర్ల దగ్గర పన్నులతో కలిపి యూనిట్‌కి నాకు 22 రూపాయల దాకా పడుతోంది. ఇంట్లో అయితే శ్లాబుని బట్టి 8 నుంచి 10 రూపాయలు. వెళ్ళడానికి పట్టే 58 యూనిట్లలో 35 దారిలో కొన్నవి, మిగతావి ఇంటివి అనుకుంటే వెయ్యి రూపాయల లోపే. అదే దూరానికి లీటరుకి 15 కిలోమీటర్లిచ్చే పెట్రోలు కారైతే, లీటరు 107 రూపాయల లెక్కన 2,700 అవుతుంది. టోల్‌గేటు దగ్గర మాత్రం మనకేమీ తగ్గించరు. ప్రతినెలా అమ్మ దగ్గరకి వెళ్ళడానికి మా ఇంట్లో ఇప్పుడెవరూ లెక్క అడగడం లేదు. నాకు ఈ కారు చేసిన పెద్ద ఉపకారం అదే.

ఇలా చెబితే అంతా పాలూ పంచదారా అనుకునేరు! ఒక్కరోజు సంగతి వినండి.

అమ్మ కుడి కంటికి శుక్లం బాగా ముదిరిపోయింది. ఆపరేషనంటే ఏడాదిపాటు ఒప్పుకోలేదు. చివరికి ఎలాగో సరేనంది. హైదరాబాదులో మర్నాడు ఉదయం ఎనిమిదింటికి ఆసుపత్రిలో ఉండాలి. ఆ తేదీ తప్పిందంటే మళ్ళీ గడప దిగదని నాకు తెలుసు. మధ్యాహ్నం మూడింటికి ఊళ్ళో బయలుదేరాం. విజయవాడలో నేను ఎప్పుడూ ఆగే చోట రెండు గన్నులకీ కార్లున్నాయి, వెనకాల ఇంకోటి వరసలో ఉంది. మాకింకా 58 శాతం ఉంది, కోదాడ 90 కిలోమీటర్లే. అక్కడ పెట్టుకోవచ్చని ముందుకి సాగాం. జగ్గయ్యపేట దాటుతుండగా గాలివాన పట్టుకుంది.

కోదాడ దగ్గర ఓ హోటలు ఆవరణలో ఛార్జర్ ఉందనీ, ఖాళీగానే ఉందనీ ఫోను చూపిస్తోంది. వెళ్ళి చూస్తే ఆవరణంతా చీకటి. గాలికి లైను తెగిందట, కరెంటు ఎప్పుడొస్తుందో తెలియదన్నారు. బ్యాటరీలో 22 శాతం. సూర్యాపేట ఇంకా 45 కిలోమీటర్లు. నా గుండె దడదడలాడిందంటే నమ్మండి. పక్కన కళ్ళు సరిగ్గా కనపడని అమ్మ, బయట వాన, రాత్రి ఏడు దాటింది.

ముందు సూర్యాపేటలో ఛార్జర్ ఉన్న హోటలుకి ఫోను చేశాను. "కరెంటు ఉందాండీ? మిషన్ పని చేస్తోందా?" అని అడిగితే, ఆ కుర్రాడు వెళ్ళి చూసొచ్చి, "ఉందమ్మా, ఇప్పుడే ఒక బండి పోయింది, రండి" అన్నాడు. ఆ మాట విన్నాకే కారు కదిలించాను. ఏ.సి. కట్టేసి, ఎడమవైపు వరస పట్టుకుని గంటకి 60 మించకుండా నడిపాను. వేగం పెరిగేకొద్దీ గాలి అడ్డుపడటం ఎలా పెరుగుతుందంటే, 60 నుంచి 90కి వెళితే అది రెండింతలు దాటిపోతుంది. బ్యాటరీని తినేసేది ఎక్కువగా అదే. వేగం తగ్గిస్తే అదే కరెంటుతో ఎక్కువ దూరం వస్తుంది.

అమ్మ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత మెల్లగా, "ఎంతుందే?" అంది. "పదిహేనమ్మా" అన్నాను. "మీ తాతయ్య గూడెం సంతకి ఎడ్లబండి కట్టుకెళ్ళేవారు. ఎడ్లు రొప్పడం మొదలెట్టాక ఆపేవారు కాదు, ఇంకా ఓపికుండగానే చెరువు దగ్గర ఆపి నీళ్ళు పెట్టేవారు. నువ్వూ అలాగే చేస్తున్నావులే, కంగారుపడకు" అంది. సూర్యాపేట చేరేసరికి 7 శాతం ఉంది. ఆ కుర్రాడు గొడుగు వేసుకుని వచ్చి, గన్ను తగిలించేదాకా నిలబడ్డాడు. ఇల్లు చేరేసరికి అర్ధరాత్రి. ఉదయం ఎనిమిదింటికి ఆసుపత్రిలో ఉన్నాం. కట్టు విప్పిన రోజున అమ్మ నన్ను చూసి, "జుట్టంతా నెరిసిపోయిందేమే!" అంది. నాకు నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది.

కనుక మీకు నేను చెప్పేది, బయలుదేరే ముందు దారిలో ఒక్కో మజిలీకి రెండు ఛార్జర్లు చూసిపెట్టుకోండి. ఫోనులో చూపించినంత మాత్రాన నమ్మొద్దు, అక్కడి మనిషితో మాట్లాడండి. ఆ నంబర్లు ఓ కాగితం మీద రాసి కారులో ఉంచుకోండి. 25 శాతం కంటే దిగకముందే ఆగాలన్నది పెట్టుకోండి. ఒక్కో కంపెనీకి ఒక్కో యాప్ ఉంటుంది, డబ్బు ముందే వెయ్యాలి. సిగ్నలు లేని చోట ఓ.టి.పి. కోసం తిప్పలు పడకుండా ఇంట్లోనే రెండు మూడింటిలో అయిదేసి వందలు వేసుకోండి. మన దేశంలో కొత్త కార్లలో దాదాపు అన్నిటికీ పట్టే గన్ను పేరు సి.సి.ఎస్.-2. దాని తీగ బరువుగా ఉంటుంది, రెండు చేతులతో పట్టుకోండి. వానలో షాకు కొడుతుందేమోనన్న భయం నాకూ ఉండేది. గన్ను గట్టిగా లాక్ అయి, కారూ మిషనూ ఒకదాన్నొకటి గుర్తించాకే కరెంటు పారుతుందట. మధ్యలో మాత్రం బలవంతంగా లాగకండి, ఆపాక తియ్యండి.

పుట్టింట్లో ఛార్జి పెట్టేటప్పుడు ఇంకా జాగ్రత్త. పాత వైరింగుకి ఇంత బరువు మొయ్యడం కష్టం. గీజరుకి వాడే 15 ఆంపియర్ల ప్లగ్గు కావాలి. నేను ఎలక్ట్రీషియన్ని పిలిచి విడిగా ఓ లైను, మంచి ఎర్తింగు, ఎం.సి.బి. వేయించాను. ఎక్స్‌టెన్షన్ బోర్డులు పెట్టి కిటికీలోంచి తీగ లాగడం వద్దే వద్దు. సాయంత్రం మా ఊళ్ళో ఓల్టేజి తక్కువ, అందుకని రాత్రి తొమ్మిది దాటాక పెడతాను. తెల్లారేసరికి నిండిపోతుంది. మీ అపార్ట్‌మెంటులో ప్లగ్గు పెట్టుకోవడానికి అసోసియేషన్ ఒప్పుకోకపోతే మాత్రం, ఒప్పుకునేదాకా ఈ కారు కొనకండి. ప్రతిసారీ బయట ఛార్జి చేస్తే మిగులులో సుమారు మూడోవంతు పోతుంది.

ఛార్జర్లు పెట్టేవారికి కూడా మన తరఫున ఒక్క మాట. పెట్రోలు బంకులో మనిషి ఉంటాడు, దీపం ఉంటుంది. చాలా ఛార్జర్లు ఏ మూలో చీకట్లో ఉంటున్నాయి. ఒక్క లైటు, నెత్తిమీద రేకు, దగ్గర్లో శుభ్రమైన బాత్‌రూము. ఒంటరిగా వచ్చే ఆడదానికి ఈ మూడూ ఉంటే అరగంట అరగంటలాగే గడుస్తుంది. లేకపోతే యుగంలా ఉంటుంది. నేను చీకటిపడితే హోటలు ముందో, మనుషులు తిరిగే చోటో ఉన్న ఛార్జర్ దగ్గరే ఆగుతాను. పది రూపాయలు ఎక్కువైనా సరే.

అన్ని చోట్లా తిండి దొరుకుతుందనుకోకండి. నేను పులిహోర, చిన్న మంట మీద కాల్చిన దిబ్బరొట్టె, కాస్త ఆవకాయ, ఫ్లాస్కులో కాఫీ పెట్టుకుంటాను. దిబ్బరొట్టె మధ్యాహ్నందాకా మెత్తగా ఉంటుంది, చేతులకి అంటుకోదు. ఓసారి పక్క కారువాళ్ళ పిల్లలకి పెడితే, వాళ్ళమ్మ అక్కడే నిలబడి ఎలా చేయాలో రాసుకుంది.

ఇక సంక్రాంతికి మాత్రం రెండు రోజులు ముందే బయలుదేరండి. విజయవాడ రోడ్డంతా కార్లే. ఛార్జర్ల దగ్గర కూడా వరసలుంటాయి. పిండివంటలు అక్కడికెళ్ళాక అమ్మతో కలిసి చేసుకుందురుగాని.