కుండలో పులిసే బీరు: అండమాన్ రాంచీవాలాల హండియా

అండమాన్, నికోబార్ దీవుల్లో అమ్మే సీసా బీరు ప్రధాన భూభాగం నుంచి ఓడల మీద వస్తుంది. బియ్యం, పప్పు, సిమెంటు వచ్చే దారే దానిదీ. 1988లో ఏర్పడిన ప్రభుత్వ సంస్థ అనిడ్‌కో మద్యం అమ్మకాల్లో పెద్ద పాత్ర వహిస్తోంది. ఈ దీవుల పేరు మోసే బ్రూవరీ అంటూ లేదు. ఇక్కడివాళ్లు సొంతంగా చేసుకునే బీరు మాత్రం ఉంది. అది బియ్యంతో పెరటి కుండలో తయారయ్యే హండియా. హాండీ అంటే కుండ. కుండ పేరే పానీయానికి వచ్చింది.

హండియా కథ ఈ దీవుల్లో అడవులు కొట్టినవాళ్ల కథ. 1858లో బ్రిటిష్ ప్రభుత్వం పోర్ట్ బ్లెయిర్‌లో ఖైదీల స్థావరం పెట్టింది. 1883లో అటవీ శాఖ, చాథం దీవిలో కోత మిల్లు వచ్చాయి. పడౌక్, గర్జన్ కలపకు గిరాకీ పెరిగేకొద్దీ ఖైదీల చాకిరీ చాల్లేదు. 1918లో రాంచీలోని కాథలిక్ లేబర్ బ్యూరో ద్వారా చోటా నాగపూర్ నుంచి సుమారు 400 మంది కూలీలను రప్పించారు. ఆ తర్వాత ఏటా మరికొందరు వచ్చారు. వాళ్లలో ఒరాన్, ముండా, ఖడియా తెగలవాళ్లు ఎక్కువ. ఏ ఊరి నుంచి వచ్చినా దీవుల్లో వాళ్లకు మిగిలిన పేరు ఒకటే, రాంచీవాలా. గడువు తీరాక చాలామంది తిరిగి వెళ్లకుండా అడవి అంచునే గుడిసెలు వేసుకున్నారు. బారాటాంగ్, మధ్య అండమాన్ ప్రాంతాల్లో వాళ్ల పల్లెలు అలా వెలిశాయి.

1949 నుంచి తూర్పు బెంగాల్ శరణార్థులకు పొలాలు ఇవ్వడానికి అడవి నరికినవాళ్లలోనూ వీళ్లున్నారు. ఇతరులకు భూమి చదును చేసి ఇచ్చిన ఈ చేతులకు మాత్రం చాలాచోట్ల సొంత పట్టా దక్కలేదు. జార్ఖండ్‌లో వీళ్ల బంధువులు షెడ్యూల్డు తెగలు. దీవుల్లో వీళ్లకు ఆ గుర్తింపు లేదు. వందేళ్ల చెమటకు దక్కిన ప్రతిఫలంగా ఇది చాలా తక్కువ.

హండియా చెయ్యడం ఎక్కువగా ఆడవాళ్ల పని. బియ్యాన్ని పలుకు విడిచేలా వండి, చాప మీద పరిచి, పూర్తిగా చల్లారనిస్తారు. అన్నం వేడిగా ఉంటే పని చెడుతుంది, ఎందుకంటే అసలు కీలకమైన రాను ఆ వేడికి చచ్చిపోతుంది. రాను అంటే బియ్యప్పిండిలో అడవి వేర్లు, బెరళ్లు దంచి కలిపి, ఉసిరికాయంత ఉండలు కట్టి ఎండబెట్టిన మందు. రెండు మూడు ఉండల్ని పొడిచేసి అన్నం మీద చల్లి, మెతుకు మెతుక్కీ అంటేలా కలిపి, కుండలోకి ఎత్తి మూతి కడతారు. ఎండాకాలంలో రెండు మూడు రోజుల్లో, చలికాలంలో ఇంకా ఆలస్యంగా కుండ పులుస్తుంది. మూత తీయగానే తియ్యటి పులుపు వాసన ముక్కుకు తగులుతుంది. అప్పుడు నీళ్లు పోసి, చేత్తో పిసికి వడగడితే పాలలాంటి తెల్లటి పానీయం దిగుతుంది. చోటా నాగపూర్‌లో దాన్ని గుగ్గిలం ఆకుల దొన్నెలో పోసి ఇస్తారు.

తెలుగువాళ్లకు పులిసిన అన్నం కొత్త కాదు. తరవాణి కుండ ఒకప్పుడు ఇంటింటా ఉండేది. అయితే తరవాణిలో జరిగేది ముఖ్యంగా పులవడం. హండియాలో మత్తు కూడా పుడుతుంది. రానులోని బూజు జాతులు అన్నంలోని పిండిని చక్కెరగా మారుస్తాయి, ఈస్టు ఆ చక్కెరను ఆల్కహాలుగా మారుస్తుంది, లాక్టిక్ బ్యాక్టీరియా పులుపునిస్తుంది. బార్లీ బీరులో మొదటి పనిని మొలకెత్తిన గింజే చేసుకుంటుంది. జపాన్‌వాళ్ల సాకేలో మాత్రం కోజీ అనే బూజు చేస్తుంది. ఆ లెక్కన హండియాకు దగ్గర చుట్టం సాకే.

ఒరాన్‌లు, ముండాలు తాగేముందు నాలుగు చుక్కలు నేల మీద వదిలి పెద్దలను తలుచుకోవడం ఆచారం. పెళ్లికీ పండగకీ, ఇంటికొచ్చిన చుట్టానికీ కుండ దింపాల్సిందే. ఆ తెగల్లోనే దీన్ని వద్దన్నవాళ్లూ ఉన్నారు. 1914లో ఒరాన్‌ల మధ్య మొదలైన తానా భగత్ ఉద్యమం మద్యాన్నీ మాంసాన్నీ వదలమని పిలుపునిచ్చింది. కుండ మీద ప్రేమ, దాని వల్ల కుంగిన సంసారాల మీద బెంగ, రెండూ ఆ తెగల చరిత్రలో భాగమే.

టెన్ డిగ్రీ ఛానల్ దాటి దక్షిణాన నికోబార్ దీవులకు వెళ్తే బియ్యం స్థానంలో కొబ్బరి వస్తుంది. అక్కడి జీవనమంతా కొబ్బరి చెట్టు చుట్టూ అల్లుకుంది, కల్లూ దాని నుంచే. విచ్చుకోని పొత్తిని గీసి, పాత్ర కట్టి, కారిన రసాన్ని దింపుతారు. గాలిలోని ఈస్టు వల్ల అది గంటల్లోనే పులుస్తుంది. అండమాన్, నికోబార్ దీవుల మొత్తం జనాభాలో 2011 లెక్కల ప్రకారం వందకు దాదాపు 13 మంది తెలుగు మాట్లాడేవాళ్లే. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వచ్చిన ఆ కుటుంబాలకు కల్లు లొట్టి పరిచయమే.

అండమాన్ అడవుల ఆదివాసులకు మాత్రం మద్యం బయటి నుంచి వచ్చిన వస్తువు. వేట, చేపలు, తేనె, దుంపలతో బతికిన ఆ జాతులకు మద్యంతో పాటు పొగాకునూ నల్లమందునూ అలవాటు చేసింది ఖైదీల స్థావరం. దాని చేటు ఇప్పటికీ తీరలేదు. 2008 డిసెంబరులో లిటిల్ అండమాన్‌లోని డుగాంగ్ క్రీక్ దగ్గర, ఒడ్డుకు కొట్టుకొచ్చిన డబ్బాలోని ద్రవాన్ని సారా అనుకుని తాగి 8 మంది ఓంగేలు చనిపోయారు. అప్పటికి ఆ జాతి మొత్తం సుమారు 100 మంది. ఆదివాసుల రక్షణకు 1956లో చేసిన నిబంధనలను 2012లో సవరించి, రక్షిత ప్రాంతాల్లోకి మద్యం తీసుకెళ్లడాన్ని జైలు శిక్ష పడే నేరంగా చేర్చారు.