మన ఊరికి వచ్చినప్పుడు చూద్దాం

కొత్త సినిమా విడుదలైన రోజే చూసిన అదృష్టవంతులు మీలో ఎంతమంది? నేనైతే పెళ్ళయ్యేదాకా ఒక్కటీ చూడలేదండీ. తెనాలి దగ్గర పల్లెటూరు మాది. ఏ సినిమా అయినా ముందు తెనాలిలో ఆడి, అక్కడ జనం పలచబడ్డాక, నాలుగైదు నెలలకి మా ఊరి హాలుకి వచ్చేది. "తొందరేముందే, మన ఊరికి వచ్చినప్పుడు చూద్దాం" అనేది మా అమ్మ.

ఇప్పటి పిల్లలకి ఇది వింతగా ఉంటుంది. అప్పట్లో సినిమా అంటే రేకు పెట్టెల్లో వచ్చే రీళ్ళు. ప్రింట్లు కొన్నే ఉండేవి. అవి పెద్ద ఊళ్ళన్నీ తిరిగి, గీతలు పడి, అతుకులు వేయించుకుని మాబోటి ఊళ్ళకి చేరేవి. సినిమా పాతబడితే అద్దె తక్కువ, టికెట్టూ తక్కువే. మా హాల్లో నేల 2 రూపాయలు, బెంచీ 3, కుర్చీ 5. తెనాలి వెళ్ళి రావడానికి బస్సు చార్జీలే అంతకంటే ఎక్కువయ్యేవి!

ఆదివారం మ్యాట్నీ అంటే అమ్మకి పండగే. పొద్దున్నే రెండు పూటలకీ వండేసి, పాల డబ్బుల్లో దాచుకున్న చిల్లర కొంగున ముడేసుకుని, వేయించిన వేరుశెనక్కాయలు సంచిలో పోసుకుని బయల్దేరేది. పక్కింటి పిన్ని, ఎదురింటి అత్తయ్య, నేను. ఆడవాళ్ళ బెంచీలు వేరే. రీలు తెగితే మగపిల్లలు ఈలలు వేసేవాళ్ళు. మావాళ్ళు మాత్రం సగంలో ఆపిన కబుర్లు అందుకునేవాళ్ళు. ఆ మూడు గంటలూ "ఏమేవ్, మంచినీళ్ళు" అని అమ్మని పిలిచేవాళ్ళు ఎవరూ ఉండరు. 3 రూపాయలకి అమ్మ కొనుక్కున్నది అదేనని నాకు అప్పుడు తెలియలేదు.

నేను తెనాలిలో ఇంటర్ చదివేటప్పుడు, 1995లో, 'శుభలగ్నం' మా ఊరికి వచ్చింది. కాలేజీలో అందరూ అంతకుముందే చూసేశారు. "మీ ఊళ్ళో ఇప్పుడా?" అని నవ్వారు కూడా. అమ్మ రమ్మంటే, "అంత పాత సినిమాకి నేను రాను, కథంతా నాకు తెలుసు" అన్నాను. నన్ను ఒక్కదాన్నీ ఇంట్లో వదలడం ఇష్టంలేక అమ్మ కూడా ఆగిపోయింది. మొగుణ్ణి కోటి రూపాయలకి అమ్ముకున్న ఆమనిని వీధిలో ఆడవాళ్ళందరూ వారం రోజులు తిట్టారు. అమ్మ వింటూ ఊరుకుంది.

ఆ హాలు ఇప్పుడు కల్యాణమండపం. రీళ్ళూ పోయాయి, అన్ని ఊళ్ళలో ఒకే రోజు విడుదల. పాత సినిమాలన్నీ టీవీలో వస్తాయి, నిజమే. కానీ పొయ్యి మీద పాలు, గుమ్మంలో ఎవరో, ఫోను... ఏ సినిమా అయినా మనం కుదురుగా చూస్తున్నామా, మీరే చెప్పండి.

2025 మే నెలలో 'జగదేకవీరుడు అతిలోకసుందరి' మళ్ళీ విడుదలైంది. 1990 నాటి సినిమా. చిన్నప్పుడు మా బెంచీ మీద అమ్మా నేనూ చూసిందే. అమ్మని విజయవాడ పిలిపించి తీసుకెళ్ళాను. టికెట్టు ధర విని, "ఆ డబ్బుతో మన వీధి వీధంతా చూసేవాళ్ళం కదే!" అని గుండె మీద చెయ్యేసుకుంది. శ్రీదేవి కనపడగానే మాత్రం చిన్నపిల్లలా ముందుకి వంగింది.

బయటికి వస్తుంటే నా చెయ్యి పట్టుకుని అడిగింది: "అమ్మాయ్, ఇలాగే 'శుభలగ్నం' కూడా వేస్తారేమో కనుక్కోవే. ఆ రోజు చూడలేదుగా."

టీవీలో ఎన్నిసార్లు వచ్చిందో! అయినా 30 ఏళ్ళుగా అమ్మ లెక్కలో అది చూడని సినిమానే. నాకు నోట మాట రాలేదు.

అందుకే చెబుతున్నాను. మీ అమ్మగారో అత్తగారో "సినిమాకి వెళ్దామా" అంటే, పాతదే కదా అనకండి. వాళ్ళు అడిగేది సినిమా ఒక్కటే కాదు. పూట వంట ముందే చేసేసి, ఇన్ని వేరుశెనక్కాయలు వేయించుకుని బయల్దేరండి.