ఒక్క సబ్జెక్ట్ కోసం

‘మీ నాన్నగారు స్టీల్ ప్లాంట్‌లో చేసేవారు కదా, అసలు స్టీల్ ఎలా తయారవుతుంది?’

రుషికొండలో మా ఆఫీస్ క్యాంటీన్‌లో, బెంగళూరు నుంచి కొత్తగా వచ్చిన టీమ్‌మేట్ అడిగిన ప్రశ్న ఇది. టీ తాగుతూ మామూలుగా అడిగాడు. నేనూ మామూలుగానే మొదలుపెట్టాను. ‘ఐరన్ ఓర్ తెస్తారు, బొగ్గు వేస్తారు, కాలుస్తారు...’ అక్కడితో నా సరుకు అయిపోయింది. ‘బొగ్గా, కోకా? రెండూ ఒకటేనా?’ అన్నాడు. నేను ఫోన్ చూసుకుంటున్నట్టు నటించాను.

సిగ్గుపడాల్సిన విషయమే. నేను ఉక్కునగరంలో పెరిగాను. మెకానికల్ ఇంజినీరింగ్ చదివాను. నాన్న బ్లాస్ట్ ఫర్నేస్‌లో 32 ఏళ్లు పనిచేసి 2021లో రిటైరయ్యారు. 1990లో మొదటి ఫర్నేస్ ‘గోదావరి’ని వెలిగించేనాటికి ఆయన కొత్తగా చేరిన కుర్రాడు. తర్వాత ‘కృష్ణ’ వచ్చింది, 2012లో ‘అన్నపూర్ణ’ వచ్చింది. మా ఇంట్లో ఇవి చుట్టాల పేర్లలాగే వినిపించేవి. ‘ఈ రోజు కృష్ణకి ఒంట్లో బాలేదు’ అని నాన్న అంటే, ఆయన ఇంటికి ఎప్పుడొస్తారో తెలీదని అర్థం.

ఇంకో సంగతి చెప్తే నవ్వుతారు. బీటెక్‌లో ఒక పరీక్షకి బ్లాస్ట్ ఫర్నేస్ బొమ్మ పదిసార్లు గీసి బట్టీపట్టాను. పరీక్షలో వచ్చింది, మార్కులూ పడ్డాయి. ఆ పొద్దున నేను బొమ్మ గీస్తున్నప్పుడు, సి షిఫ్ట్ దిగొచ్చిన నాన్న పక్కగదిలో నిద్రపోతున్నారు. లేచాక అడగొచ్చు కదా? నాకా ఆలోచనే రాలేదు. ఆ సెమిస్టర్‌లో అది ఆరు సబ్జెక్టుల్లో ఒకటి. అందులో అది ఒక యూనిట్, ఆ యూనిట్‌లో ఒక ప్రశ్న. అంతకు మించి చూడలేదు.

క్యాంటీన్ సంఘటన తర్వాత మెటలర్జీలో ఎంటెక్ చేద్దామా అని ఒక రాత్రి సీరియస్‌గానే వెతికాను. గేట్ రాయాలి, ఉద్యోగం మానాలి, రెండేళ్లు పోతాయి. ఈఎంఐ గుర్తొచ్చి ల్యాప్‌టాప్ మూసేశాను. నాకు కావాల్సింది ఇంకో డిగ్రీ కాదు, ఒకే ఒక్క సబ్జెక్ట్. అలా వెతుకుతుంటే, బీటెక్‌లో క్రెడిట్ల కోసం మాత్రమే విన్న ఒక పేరు మళ్లీ కనిపించింది: ఎన్‌పీటెల్.

ఐఐటీలు, బెంగళూరు ఐఐఎస్సీ కలిసి 2003లో మొదలుపెట్టిన కార్యక్రమం ఇది. ఇప్పుడు కేంద్ర ప్రభుత్వ ‘స్వయం’ పోర్టల్‌లో దీని కోర్సులు దొరుకుతాయి. ఎంట్రన్స్ లేదు, వయసు అడగరు, డిగ్రీలో చేరక్కర్లేదు. కావాల్సిన సబ్జెక్ట్ ఒక్కటే ఎంచుకుని ఫ్రీగా వినొచ్చు. సర్టిఫికెట్ కావాలంటే మాత్రం సెంటర్‌కి వెళ్లి పరీక్ష రాయాలి. నేను రాసినప్పుడు ఫీజు వెయ్యి రూపాయలు. వారం వారం ఇచ్చే అసైన్‌మెంట్లకు 25 మార్కులు, పరీక్షకు 75. అసైన్‌మెంట్లలో కనీసం 10, పరీక్షలో కనీసం 30 రావాలి. రెండూ దాటితేనే పాస్.

ఇనుము, ఉక్కు తయారీ మీద ఒక కోర్సు దొరికింది. ఉత్సాహంగా చేరాను. మొదటిసారి చిత్తుగా పోయింది.

తప్పు పూర్తిగా నాదే. మొదటి మూడు వారాలు బుద్ధిగా చేశాను. నాలుగో వారం ఆఫీస్‌లో రిలీజ్. వీడియోలన్నీ వీకెండ్‌లో డబుల్ స్పీడ్‌లో చూసేద్దామనుకున్నాను. బుధవారం రాత్రి 11:59 దాటితే అసైన్‌మెంట్ మూసుకుపోతుంది. అలా ఒక్కో బుధవారం నా ముందు నుంచే వెళ్లిపోయింది. పన్నెండు వారాల కోర్సులో బెస్ట్ 8 అసైన్‌మెంట్లు లెక్కలోకి తీసుకుంటారు. నేను పంపినవి మూడు. కట్టిన వెయ్యి రూపాయలూ పోయాయి. అడిగేవాళ్లు లేరు, అటెండెన్స్ లేదు, ఫెయిలైతే ఇంటికి ఉత్తరం రాదు. ఒక్క సబ్జెక్ట్ చదవడంలో ఉన్న సుఖం అదే, ప్రమాదం కూడా అదే. మనం మానేసిన సంగతి ఎవరికీ తెలీదు.

రెండోసారి చేరినప్పుడు ఒక్క పని మార్చాను. హెడ్‌ఫోన్స్ తీసేశాను. కూర్మన్నపాలెంలో మా ఇంటి హాల్లో, టీవీ ముందు కూర్చుని లెక్చర్ పెట్టాను. నాన్న పేపర్ చదువుకుంటున్నారు. రెండు నిమిషాలకు పేపర్ కిందికి దిగింది.

‘ఏట్రా ఇది?’

‘మీ ఫర్నేసే నాన్నా.’

ఆ రోజు పాఠం కోక్ గురించి. బొగ్గుని గాలి తగలకుండా వెయ్యి డిగ్రీలకు పైగా వేడిచేస్తే కోక్ అవుతుంది. ఫర్నేస్‌లో అది వేడి ఇస్తుంది. దాన్నుంచి వచ్చే వాయువు ఓర్‌లోని ఆక్సిజన్‌ని లాగేస్తుంది. ఇక మూడో పని నేను ఎప్పుడూ వినలేదు: అది మోస్తుంది. ఫర్నేస్ కింది భాగంలో మిగతావన్నీ కరిగిపోయాక గట్టిగా నిలబడేది కోక్ ఒక్కటే. పైనున్న బరువంతా దాని మీదే. దాని సందుల్లోంచే గాలి పైకి వెళ్లాలి, కరిగిన ఇనుము కిందికి దిగాలి. మామూలు బొగ్గు వేస్తే నలిగి పొడై ఆ దారులు మూసుకుపోతాయి. క్యాంటీన్ ప్రశ్నకు జవాబు ఇదన్నమాట. ఓర్ మనకి బైలదిల్లా కొండల నుంచి రైల్లో వస్తుంది. కోక్ చేయడానికి పనికొచ్చే మంచి బొగ్గు మాత్రం ఆస్ట్రేలియా లాంటి దేశాల నుంచి ఓడల్లో రావాలి. మన ఊరికి పోర్టూ ప్లాంటూ రెండూ ఎందుకు కావాలో నాకు అప్పుడు వెలిగింది.

ఇంకో రోజు స్లాగ్ మీద పాఠం. అంటే కరిగిన ఇనుము మీద తేలే మలినం. స్లాగ్‌లో ఐరన్ ఆక్సైడ్ పెరిగితే రంగు ముదురుతుందని ప్రొఫెసర్ చెబుతున్నారు. నాన్న మధ్యలో అందుకున్నారు.

‘స్లాగ్ నల్లగా దిగితే ఫర్నేస్ చల్లబడతన్నట్టే. ల్యాబ్ రిపోర్ట్ వచ్చేదాకా ఆగక్కర్లేదు, చూస్తే తెలిసిపోద్ది.’

‘ఎందుకు నల్లబడుతుందో తెలుసా నాన్నా?’

కాసేపు ఆలోచించారు. ‘అది మాకెవరూ చెప్పలేదు. నల్లబడితే ఏం చెయ్యాలో చెప్పారు.’

లోపల వేడి తగ్గితే ఓర్‌లోని ఆక్సిజన్ పూర్తిగా విడిపోదు, ఆ మిగిలిన ఐరన్ ఆక్సైడ్ స్లాగ్‌లో కలిసిపోతుంది, అందుకే ఆ రంగు అని నేను చెప్పాను. ఆయన మాట్లాడకుండా విన్నారు. 32 ఏళ్లు కళ్లతో చూసినదానికి కారణం, రెండు వారాల కిందటే నేర్చుకున్న కొడుకు చెబుతున్నాడు. ఆ కొడుకు జీవితంలో ఒక్కసారి కూడా కరిగిన ఇనుము దగ్గర నిలబడలేదు. ఇద్దరికీ చెరో సగమే తెలుసని ఆ రోజు అర్థమైంది. ఆ తర్వాత ఒక్క బుధవారం కూడా మిస్ కాలేదు. మర్చిపోతే నాన్నే గుర్తుచేసేవారు.

పరీక్ష ఆదివారం పడింది. సెంటర్ బయట అంతా బీటెక్ పిల్లలే. ఒకబ్బాయి ‘అన్నా, ఏ కాలేజ్?’ అన్నాడు. కాలేజ్ లేదు, ఊరికే రాస్తున్నానంటే వింతగా చూశాడు. వాళ్లకి అది అవసరం. కాలేజ్ ఒప్పుకుంటే, యూజీసీ 2021 నిబంధనల ప్రకారం సెమిస్టర్ కోర్సుల్లో 40 శాతం దాకా స్వయం ద్వారా చేసుకోవచ్చు. నాకు ఆ క్రెడిట్లతో పనిలేదు. ఈ సర్టిఫికెట్ డిగ్రీ కాదు. దీన్ని చూసి నాకు హైక్ రాలేదు, వస్తుందని మీకూ చెప్పను.

నాకొచ్చినవి 58. అరవై దాటితే సర్టిఫికెట్ మీద ‘ఎలీట్’ అని ఉంటుంది. నాన్న ఫోన్ తీసుకుని జూమ్ చేసి చూశారు. ‘ఫర్నేస్‌లో చేసినోడి కొడుకువి, 58 ఏట్రా?’ అని నవ్వారు. తర్వాత దాన్ని పాత కొలీగ్స్ వాట్సాప్ గ్రూప్‌లో పెట్టారని నాకు రెండ్రోజుల తర్వాత తెలిసింది.

మీరూ ప్రయత్నిస్తానంటే నా అనుభవంతో చెప్పేది ఒకటే. కోర్సుల లిస్ట్ ముందేసుకుని కూర్చోకండి. మిమ్మల్ని ఎక్కడో ఇరకాటంలో పెట్టిన ప్రశ్న ఒకటి ఉంటుంది, దాంతో మొదలుపెట్టండి. ఒకటే కోర్సు తీసుకోండి. విన్నది చెప్పుకోవడానికి ఇంట్లోనో హాస్టల్‌లోనో ఒక మనిషిని చూసుకోండి.

ఇదంతా వంటింట్లోంచి వింటున్న మనిషి ఇంకొకరు ఉన్నారు. అమ్మ పెళ్లయ్యాక దూరవిద్యలో బీఏ కట్టింది. హిస్టరీ అంటే ప్రాణం, మంచి మార్కులొచ్చాయి. ఇంగ్లిష్ పేపర్ రెండుసార్లు పోయింది. అన్నీ పాసైతేనే డిగ్రీ కాబట్టి, పాసైన హిస్టరీ కూడా ఏ లెక్కలోకీ రాలేదు. పుస్తకాలు అటకెక్కాయి.

మొన్న అమ్మ నా పక్కన కూర్చుని, ‘నాకూ ఒక సబ్జెక్ట్ చూడరా’ అంది. నేను వెంటనే హిస్టరీ కోర్సులు తీశాను. కొన్నిటికి తెలుగు అనువాదాలు కూడా ఉన్నాయని చూపించబోయాను.

‘హిస్టరీ నాకొచ్చు కదా’ అంది అమ్మ. ‘ఇంగ్లిష్ ఉందేమో చూడు.’