మామయ్యగారి డీ డ్రైవు

మా హాల్లో కిటికీ పక్కన బల్ల మీద ఒక పాత కంప్యూటరు ఉంటుంది. కిటికీలోంచి చూస్తే కొండవీటి కొండ, తల తిప్పితే కంప్యూటరు. మామయ్యగారు ఏరికోరి ఆ చోటు పెట్టుకున్నారు. తెలుగు పండితుడిగా రిటైరయ్యాక ఆయన పొద్దు గడిచింది ఆ రెంటి మధ్యనే. 2021లో ఆయన పోయారు. అప్పటినుంచి దాంట్లో మా ఆయన పత్తి, మిర్చి లెక్కలు, పిల్లల ఫొటోలు, నా ఈ రాతలు.

మొన్న దీపావళికి పెద్దాడు హాస్టల్ నుంచి వచ్చాడు. వచ్చీ రాగానే కంప్యూటరు మీద పడ్డాడు.

"అమ్మా, అక్టోబరు 14తో విండోస్ 10కి సపోర్టు అయిపోయింది. దీనికి విండోస్ 11 ఎక్కదు. ప్రాసెసరు పాతది, అది అడిగే సెక్యూరిటీ చిప్పు దీంట్లో లేదు. లినక్స్ మింట్ వేస్తా. పైసా కట్టక్కర్లేదు."

"మరి తాతయ్యవీ, మనవీ ఉన్నవన్నీ?"

"డీ డ్రైవు మొత్తం హార్డ్ డిస్కులోకి కాపీ చేసి, మళ్లీ దీంట్లో పెడతాగా."

సరే అన్నాను. వాడికి తెలియనిదా అనుకున్నాను.

కొత్త సిస్టమ్‌తో మొదటి వారం ఎలా ఉందంటే, అద్దె ఇల్లు మారినట్టే ఉంది. సామానంతా మనదే, కందిపప్పు డబ్బా ఎక్కడుందో మాత్రం తెలియదు. సీ లేదు, డీ లేదు, 'హోమ్' అని ఒకటే ఫోల్డరు. ఎక్సెల్ బదులు లిబ్రే ఆఫీస్. మా ఆయన "నా మిర్చి లెక్కలేవే?" అని రెండ్రోజులు గింజుకున్నారు. తెరిచి చూపిస్తే, కూడికలతో సహా అన్నీ ఉన్నాయి. తెలుగు టైపింగ్ గురించి నేను భయపడ్డాను కానీ, మామయ్యగారు నాకు నేర్పింది ఇన్‌స్క్రిప్ట్. అది మన దేశానికంతటికీ ఒకటే పద్ధతి కాబట్టి లినక్స్‌లోనూ అదే. వేళ్లు వాటంతటవే నడిచాయి. నాలుగో రోజుకి ఇదే మన ఇల్లన్నట్టు అలవాటైపోయింది.

కార్తీకమాసంలో మామయ్యగారి ఆబ్దికం. ముందురోజు సాయంత్రం చిక్కుడుకాయలు ఒలుస్తూ అత్తయ్య అడిగారు. "అమ్మాయ్, ఆయన కొండ సంగతులూ, మనింటి సంగతులూ ఏవో రాసుకునేవాడుగా. ఒకటి తీసి చదువు, వింటా." ఆవిడకి కళ్లు సరిగా ఆనవు. వినడమే.

తెరిచాను. తెర నిండా ఇంగ్లీషు అక్షరాలు, డాలరు గుర్తులు, బ్రాకెట్లు, తలకిందుల ప్రశ్నార్థకాలు. ఇంకోటి తెరిచాను. అదీ అంతే. ఆయన చివరి ఏళ్లలో రాసినవి చక్కగా తెలుగులో వస్తున్నాయి. పాతవి, ఊరి గురించీ, వాళ్ల చిన్నతనం గురించీ రాసినవి, మొత్తం అరవై మూడు ఫైళ్లు, ఒక్కటంటే ఒక్కటి చదవడానికి లేదు.

పెద్దాడికి ఫోన్ చేశాను. "పాడైపోయి ఉంటాయమ్మా. ఎప్పటివో కదా. తీసేయ్, చోటు కలిసొస్తుంది" అన్నాడు. వాడి తప్పేం లేదు, వాడికి తాతయ్య అంటే పుల్లట్లు, జామకాయలు. కానీ నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పాత సిస్టమ్ తుడిచెయ్యమని సరే అన్నది నేనే. అత్తయ్య ఒక్క మాట అనలేదు. "పోన్లే అమ్మాయ్" అనేసి చిక్కుళ్లు లోపల పెట్టేశారు. ఆ 'పోన్లే' నాకు గుచ్చుకుంది.

ఆబ్దికం అయిన మర్నాడు మళ్లీ ఆ ఫైలు తెరిచి ఊరికే చూస్తూ కూర్చున్నా. పైన ఫాంటు పేరు ఉండే గడి ఉంటుంది చూడండి, అందులో ఒక పేరు వాలు అక్షరాల్లో కనిపించింది. మన కంప్యూటర్లో లేని ఫాంటు పేరును అది అలా చూపిస్తుందట. ఆ పేరు ఫొటో తీసి పెద్దాడికి పంపా. గంటలో వాడే ఫోన్ చేశాడు. గొంతు మారిపోయింది.

"అమ్మా, తీసెయ్యలేదుగా? ఏం పాడవలేదు!"

వాడు చెప్పింది నాకు అర్థమైనంతలో చెప్తాను. వెనకటి డీటీపీ ఫాంట్లలో తెలుగు అక్షరానికి కంప్యూటర్లో సొంత చోటు ఉండేది కాదు. ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లోనే తలకట్టు ఒకచోట, ఒత్తు ఒకచోట, గుడి ఒకచోట ముక్కలుగా దాచేవారు. ఆ ఫాంటు ఉంటే ముక్కలన్నీ అతికి తెలుగు కనిపిస్తుంది. లేకపోతే లోపలున్న ఇంగ్లీషు గీతలే. యూనికోడ్‌లో అలా కాదు, 1991 నాటి మొదటి వెర్షన్ నుంచీ తెలుగుకి 128 గడులు విడిగా కేటాయించారు. మామయ్యగారు మధ్యలో యూనికోడ్‌కి మారారు. పాతవి పాత ఫాంటులోనే ఉండిపోయాయి. ఆ ఫాంటేమో సీ డ్రైవులో ఉండేది. మేము తెచ్చుకున్నది డీ డ్రైవు. బీరువా తెచ్చుకుని తాళంచెవి పాత ఇంట్లో వదిలేసి వచ్చామన్నమాట.

తాళంచెవి లేకపోయినా తాళం తీసేవాళ్లున్నారు. పాత ఫాంటు రాతని యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు నెట్‌లో ఉన్నాయి. ఏ ఫాంటో సరిగా చెప్పి, రాతని అందులో అతికిస్తే చాలు. మొదటి పేజీ తెలుగులోకి తిరిగేసరికి నాకు ఒళ్లు ఝల్లుమంది.

అయితే ఒత్తులు కొన్ని రాలిపోతున్నాయి. "కొండ దిగువన కతుల బావి దగ్గర గోపీనాథస్వామి గుడి" అని చదివితే అత్తయ్య నవ్వారు. "కథల బావేమిటే అమ్మాయ్! కత్తుల బావి." ఉన్నవి ఉన్నట్టు చదువుతాను, ఆవిడ దిద్దుతారు, నేను ఒత్తు పెడతాను. రోజూ మధ్యాహ్నం రెండు పేజీలు. దిద్దినదాన్ని మండలి అనే తెలుగు ఫాంటులో పెద్దక్షరాలతో పెడుతున్నా. 1975లో మొదటి ప్రపంచ తెలుగు మహాసభలు జరిపించిన మండలి వెంకట కృష్ణారావుగారి పేరుతో వచ్చిన ఫాంటది.

ఒక ఫైల్లో మామయ్యగారు మెకంజీ కైఫీయతుల గురించి రాశారు. రెండొందల ఏళ్ల కిందట కల్నల్ మెకంజీ దగ్గర పనిచేసిన కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరులు, వాళ్ల మనుషులు ఊరూరా తిరిగి, కరణాల దగ్గరున్న కవిలెల్లోంచి ఊళ్ల చరిత్రలు కాగితాలకెక్కించారట. కొండవీటి దండకవిలె పేరు కూడా అందులోనే చదివా. వాళ్లు ఆ రోజున ఎత్తి రాయకపోతే ఆ ఆకులు పురుగుల పాలయ్యేవి కదా. చిక్కుడుకాయల బుట్ట పక్కన కూర్చుని నేను చేస్తున్నదీ ఆ పనిలో పిసరంత అనిపించింది.

మొన్నొకరోజు "మా పెదక పెళికి బండి కట్టుకుని" అని ఉంది. పెళ్లి తెలిసింది. పెదక అంటే పెదకాపో, ఇంకేదో నాకు తోచలేదు. అత్తయ్య కాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా అన్నారు. "పెద్దక్క. ఆయన పెద్దక్క పెళ్లి. ఆ పెళ్లిలోనే నన్ను మొదట చూశాడు. రాశాడా అది?"

రాశారు. కింది పేరాలోనే ఉంది. ఏ కన్వర్టరుకీ తెలియని ఒత్తు అది, ఆవిడొక్కరికే తెలుసు.

మీ ఇంట్లోనూ పాత కంప్యూటరు ఉండే ఉంటుంది. మార్చేముందు పెద్దవాళ్లు రాసినవి ఒక్కోటి తెరిచి చూడండి. ఏ ఫాంటో పేరు రాసిపెట్టుకోండి, సీ డ్రైవులో ఫాంట్స్ అనే ఫోల్డరుంటుంది, అదీ కాపీ చేయించండి. కొత్తదాంట్లో తెరిచి చదివేదాకా పాతది తుడవనివ్వకండి. అన్నిటికన్నా ముందు, దిద్దగలిగినవాళ్లు ఇంట్లో ఉన్నప్పుడే వాళ్లని పక్కన కూర్చోబెట్టుకోండి.

మాకు నలభై ఒకటి అయ్యాయి. ఇంకా ఇరవై రెండున్నాయి. అంట్లు తోమడం అయిందో లేదో, హాల్లోంచి అత్తయ్య పిలుస్తున్నారు. "అమ్మాయ్, కంప్యూటరు పెట్టావా?"