హిచ్‌కీ, ఝూలా, థర్‌థరీ

మా నగరిలో కారు లేని ముసల్మాన్ ఇళ్లు చాలానే ఉన్నాయి గానీ, మెకానిక్ చుట్టం లేని ఇల్లు వెతికినా దొరకదు. ఒకరి ఖాలూ టింకరింగ్, ఒకరి దామాద్ పంక్చర్ షాపు, ఒకరి చిచ్చా లారీలకి కమాన్ పట్టీలు కట్టే మనిషి. అందుకే మన ఇళ్లల్లో బండి రిపేరు బండితో ఆగదు. షెడ్డులో మొదలైన తక్రార్ దస్తర్‌ఖాన్ దాకా వస్తుంది. ఆఖరికి బండి ఎట్లాగో బాగవుతుంది, సలామ్ దువా మాత్రం తెగిపోతుంది.

మా ఇంట్లో అట్లా తెగేదాకా వచ్చి ఆగింది. పెద్దల నసీహత్‌తో ఆగలేదు. బండిని సరిగ్గా సవాల్ అడగడం తెలిసిన ఒక ముసలి ఉస్తాద్ వల్ల ఆగింది. ఇంజన్ విప్పి కట్టించుకునే ప్రతి ఇంటికీ ఆయన అడిగిన సంగతులు పనికొస్తాయని రాస్తున్నా.

అబ్బాది 2004 మోడల్ మారుతి 800. మన దేశంలో 1983 డిసెంబర్‌లో రోడ్డెక్కి, 2014 జనవరిలో తయారీ ఆగిపోయిన బండి. 796 సీసీ, మూడు సిలిండర్లు. కొత్త కారు కొనే హైసియత్ మాకు లేదు, అమ్మేద్దామంటే అబ్బా ఒప్పుకోడు. వెన్నుకి ఆపరేషన్ అయిన మనిషి, వేలూరుకి చెకప్‌కి పోవాలంటే ఈ బండే ఆసరా. బస్సు కుదుపులు ఆయనకి పడవు.

పోయిన సాల్ ఇంజన్ ఆయిల్ తాగడం మొదలుపెట్టింది. వెనకాల నీలం పొగ. అమ్మీకి ఒక్కడే తమ్ముడు, మా మామూ, ఊర్లోనే షెడ్డు. ఆయనే ఇంజన్ దించి బోర్ చేయించి, కొత్త పిస్టన్లు, రింగులు, బేరింగులు వేసి, క్రాంకు గ్రైండింగ్, ఫ్లైవీల్ ఫేసింగ్ బయట లేత్‌లో చేయించి మళ్లీ కట్టినాడు. మొత్తం 32 వేలు. పొగ పోయింది. ఆయిల్ తాగడమూ పోయింది. వాటి జాగాలో వణుకు వచ్చింది.

సిగ్నల్ దగ్గర నిలబెడితే స్టీరింగ్ ఊగుతుంది. పుత్తూరు రోడ్డెక్కి 65 దగ్గరికి వస్తే గేర్ రాడ్డు, కాళ్ల కింద ఫ్లోరు, సీటు అంతా ఝుమ్మని అదురుతుంది. ఒకసారి పుత్తూరు దాకా పోయొచ్చి అబ్బా రెండు రోజులు మంచం దిగలేదు.

బడే భాయ్ ఫైసలా చెప్పేసినాడు. "మామూ పాత పిస్టన్లే కడిగి వేసినాడు. కొత్త సామాను పైసలు మాత్రం మన దగ్గర వసూలు చేసినాడు." మాట మామూ చెవిన పడింది. ఆయన జవాబు చెప్పలేదు. పాత పిస్టన్లు, రింగులు, బేరింగులు గోనెసంచిలో వేసుకొచ్చి మా వాకిట్లో పెట్టి, చాయ్ కూడా తాగకుండా వెళ్లిపోయినాడు. అమ్మీ ఆ సంచిని అక్కడినుంచి కదిలించనివ్వలేదు. పొద్దునా సాయంత్రం దాని చుట్టూ చిమ్మేది.

వారం చూసి అబ్బా అన్నాడు, "ఇద్దరి మాటా వద్దు. సాలిస్‌ని పిలుద్దాం."

సాలిస్‌గా వచ్చినాయన మామూకి పని నేర్పిన ఉస్తాదే. ఏకాంబరకుప్పం పక్క ఉంటారు. కళ్లు మసకబారి పానా పట్టడం మానేసినారు. మామూ ఉస్తాద్ కదా, తరఫ్‌దారీ చేస్తాడేమో అని బడే భాయ్‌కి షక్. ఆయన వచ్చి ముందు సీట్లో కూర్చుని మొదట అడిగింది ఒకటే మాట.

"కబ్ కాంప్‌తీ?"

"హమేషా" అన్నాడు బడే భాయ్.

"హమేషా కుఛ్ నై రైతా బేటా. ఎప్పుడో చెప్పు. నిలబడినప్పుడా, పోయేటప్పుడా? ఎంత స్పీడులో? ఏ గేర్లో?"

నేను చదివిన ఉర్దూ మీడియం బడిలో సైన్స్ పాఠం దీన్ని ఇర్తిఆష్ అని చెప్పింది. తర్వాత తెలుగులో డిగ్రీ చేస్తే అది కంపనం అయింది. రెండు జబాన్లలోనూ ఒక్కో మాటతో సరిపెట్టుకున్నాను. ఉస్తాద్ దగ్గర మూడు మాటలున్నాయి. ఆయన తన పని మొత్తం ఆ మూడింటితోనే నడిపించినారు.

మొదటిది హిచ్‌కీ. ఒక సిలిండర్ సరిగ్గా మండకపోతే బండి ఎక్కిళ్లు పెట్టినట్టు తాళం తప్పి కొట్టుకుంటుంది. షెడ్డు భాషలో మిస్సింగ్. ప్లగ్గు, కాయిల్, ఇంజెక్టర్, ఎక్కడో గాలి లీకు, కంప్రెషన్ తక్కువ, లేదా ఇంజన్ కట్టేటప్పుడు టైమింగ్ బెల్ట్ ఒక పన్ను తప్పడం, వీటిలో ఏదో ఒకటి కారణం.

రెండోది ఝూలా. నిదానంగా ఊపుతుంది. నిలబడి ఉన్నప్పుడు ఊపితే మౌంటింగులు, పరుగులో ఊపితే చక్రాలు.

మూడోది థర్‌థరీ. మరమగ్గాల షెడ్డులో గోడకి చెయ్యి ఆనిస్తే తెలిసే సన్నని, తొందర అదురు. వేగంగా తిరిగేదేదో తన మర్కజ్ మీద తాను లేదని దాని అర్థం.

ఉస్తాద్ మొదట హిచ్‌కీ సంగతి తేల్చినారు. ఇంజన్ నడుస్తుండగా ఇంజెక్టర్ల కనెక్టర్లు ఒక్కొక్కటే పీకమన్నారు. పీకిన ప్రతిసారీ ఇంజన్ ఒకే లెక్కన కుంగింది. ఏదైనా సిలిండర్ పని ఎగ్గొడుతుంటే దాని కనెక్టర్ పీకినా ఇంజన్‌కి ఫరక్ పడేది కాదు. కంప్రెషన్ గేజ్ పెట్టి చూస్తే మూడు సిలిండర్లూ బలంగా, దాదాపు సమానంగా ఉన్నాయి. పిస్టన్లు, రింగుల మీద వేసిన ఇల్జామ్ అక్కడే సగం రాలిపోయింది. బడే భాయ్ ఏమీ అనలేదు.

తర్వాత ఝూలా. మూడు సిలిండర్ల ఇంజన్‌లో పిస్టన్లు 120 డిగ్రీల ఎడంతో ఎక్కి దిగుతుంటాయి. పైకీ కిందికీ తోసే బలాలు చాలావరకు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. కానీ ఈ చివర పిస్టన్, ఆ చివర పిస్టన్ ఒకే జాగాలో లేవు కాబట్టి ఇంజన్ పిల్లల తూగుడు బల్లలాగా అటు చివరా ఇటు చివరా ఊగాలని చూస్తుంది. ఆ ఊపు మన దాకా రాకుండా మింగేది మౌంటింగ్ రబ్బర్లు. మాది చూస్తే ఒక రబ్బరు పగిలింది, మిగతా వాటి బోల్టులు ఇంజన్ కొంచెం పక్కకి లాగి ఉన్నప్పుడే బిగించేసినారు. రబ్బరు మార్చి, బోల్టులన్నీ వదులు చేసి, ఇంజన్‌ని కాస్త ఊపి దాని జాగాలో దాన్ని కూర్చోనిచ్చి మళ్లీ బిగిస్తే స్టీరింగ్ ఊగడం ఆగిపోయింది.

మిగిలింది థర్‌థరీ. అబ్బాని మంచాన పడేసింది అదే.

దానికి ఉస్తాద్ చేయించిన ఇమ్తిహాన్‌కి ఏ మిషనూ అక్కర్లేదు. నాలుగో గేర్లో అదురు ఎక్కడ మొదలవుతుందో చూడమన్నారు. 65. అదే రోడ్డు మీద మూడో గేర్లో చూడమన్నారు. 45 దగ్గరే వచ్చేసింది. చక్రాలదో, డ్రైవ్ షాఫ్ట్‌లదో తప్పయితే ఏ గేరైనా అదే 65 దగ్గర రావాలి. గేరుతో పాటు జాగా మారిందంటే అది ఇంజన్ వేగాన్ని పట్టుకుని తిరుగుతోంది. లెక్క వేసి చూసినా: ఆ బండి 65లో పోయేటప్పుడు చక్రం సెకనుకు 11 చుట్లు తిరిగితే ఇంజన్ 40కి పైగా తిరుగుతుంది. రెండింటి అదురూ ఒకేలా ఉండే చాన్సే లేదు.

ఇంటి ముందర నిలబెట్టి, న్యూట్రల్‌లో రేస్ ఇచ్చినా అదే అదురు. చక్రాలు బరీ అయిపోయినాయి. ఆల్టర్నేటర్ బెల్ట్ తీసేసి చూసినా ఉంది. కొన్ని బండ్లలో నీళ్ల పంపు కూడా ఆ బెల్టు మీదే తిరుగుతుంది, అందుకే నిమిషం లోపే ఆపేయాలి. క్లచ్ తొక్కి పట్టినా తగ్గలేదు, కాబట్టి గేర్‌బాక్సూ, క్లచ్ ప్లేటూ కావు. టార్చి వేసి చూస్తే ముందు పుల్లీ సీదాగానే తిరుగుతోంది.

"క్రాంకుతో పాటు తిరిగేది వెనకాల ఒకటే మిగిలింది. ఫ్లైవీల్, దాని మీద క్లచ్ కవర్" అన్నారు ఉస్తాద్. "నేను విప్పను. విప్పాల్సింది కట్టినోడే. పిలిపించండి."

అమ్మీ తానే పోయి తమ్ముణ్ణి పిలుచుకొచ్చింది. మామూ ఎవరి మొహమూ చూడకుండా గేర్‌బాక్స్ దించినాడు. క్లచ్ కవర్‌ని ఫ్లైవీల్ మీద సరిగ్గా నడిమధ్యలో కూర్చోబెట్టడానికి చిటికెన వేలు గోరంత పిన్నులుంటాయి. అందులో ఒకటి లేదు. ఫేసింగ్ చేసేటప్పుడు పిన్నులు తీసేస్తారు, తిరిగొచ్చేటప్పుడు ఒకటి లేత్‌లోనే ఉండిపోయింది. కవర్ బోల్టులతో బిగుసుకుంది గానీ, ఒక పక్కకి జరిగి బిగుసుకుంది.

అంత చిన్న పిన్నుకి ఇంత హంగామానా అనిపిస్తుంది. మూడు కిలోల వస్తువు మర్కజ్ నుంచి అర మిల్లీమీటరు జరిగిందనుకోండి. నిమిషానికి 2,600 చుట్ల దగ్గర అది దాదాపు 11 కిలోల బలంతో గుంజుతుంది, అదీ సెకనుకి 40కి పైగా సార్లు దిశ మార్చుకుంటూ. వేగం రెండింతలైతే గుంజుడు నాలుగింతలవుతుంది. అదే 800 చుట్ల ఐడ్లింగ్‌లో కిలో బలం మాత్రమే. నిలబడినప్పటి ఊపుకి ఒక కారణం, పరుగులో అదురుకి ఇంకో కారణం అని ఉస్తాద్ ఎందుకు విడదీసినారో ఈ లెక్క చూస్తే తెలుస్తుంది.

మామూ ఆ ఖాళీ రంధ్రంలో వేలు పెట్టి చూసుకుని అన్నాడు, "మేరీచ్ చూక్ హై. లేత్ నుంచి వచ్చినాక లెక్క పెట్టుకోవాల్సింది నేనే."

ఎవరూ మాట్లాడలేదు. కాసేపటికి బడే భాయ్ లేచి, వాకిట్లో గోనెసంచి భుజానికెత్తుకుని, మామూ షెడ్డు దాకా మోసుకుపోయి దించి వచ్చినాడు. ఆ పూట మామూ మా ఇంట్లోనే భోంచేసినాడు.

తప్పు మామూ షెడ్డులోనే జరిగింది, అందులో ఇన్కార్ లేదు. కానీ ఆయన మీద వేసిన ఇల్జామ్ అది కాదు. చేతిలో చూక్ వేరు, నీయత్‌లో ఖోట్ వేరు. ఒక పిన్నుతో సరిచేయగలిగినదాన్ని ఖోట్ అని పిలిచి ఉంటే, అమ్మీకి తమ్ముడు పోయేవాడు, అబ్బాకి అదురు అట్లాగే ఉండేది.

మీ ఇంట్లో ఇంజన్ విప్పించే పని పడితే కొన్ని మాటలు గుర్తుపెట్టుకోండి. విప్పకముందే ఫ్లైవీల్‌కీ, క్లచ్ కవర్‌కీ కలిపి పంచ్‌తో గుర్తు కొట్టించండి. లేత్‌కి పోయే సామాను లెక్క రాసి పంపండి, వచ్చినాక లెక్క చూడండి. పాత సామాను అడిగి తెచ్చుకోండి, అది షక్ కాదు, హిసాబ్. మౌంటింగ్ రబ్బర్లు పాతవైతే అప్పుడే మార్పించండి. కట్టినాక వణుకు వస్తే పార్ట్ మీద పార్ట్ మార్చకుండా ముందు కాగితం మీద రాసుకోండి: నిలబడా, పరుగులోనా, ఎంత స్పీడు, ఏ గేరు, క్లచ్ తొక్కితే మారిందా. ఆ కాగితంతో పోతే ఏ ఉస్తాద్ దగ్గరైనా సగం పని అయిపోయినట్టే.

మామూ షెడ్డులో ఇప్పుడు ఒక పాత బిస్కెట్ డబ్బా ఉంది. ఏ ఇంజన్ విప్పినా దాని పిన్నులన్నీ అందులో పడతాయి. బండి స్టార్ట్ చేసేముందు డబ్బా బోర్లించి చూపించడం షాగిర్ద్‌ల పని.