మొక్కై వంగని కోచ్ మానై వంగుతాడా?

ఇండియా నుంచి అమ్మానాన్నలో, అత్తమామలో వచ్చారంటే టొరాంటోలో మనవాళ్ళందరి టూరు ప్రోగ్రామూ ఒకటే. మొదటి శనివారం నయాగరా, ఆదివారం రిచ్‌మండ్ హిల్ వినాయకుడి గుడి, పై వారం సి.ఎన్. టవర్, తిరిగొచ్చేటప్పుడు జెరార్డ్ స్ట్రీట్లో ఒక స్వీట్ పాన్. ఫోటోలు కూడా అవే, మనుషులే మారతారు! ఈ జాబితాలో ఇంకొక చోటు చేర్చమని నా మనవి. సరస్సు ఒడ్డున ఎగ్జిబిషన్ ప్లేస్‌లో ఉన్న బి.ఎం.ఓ. ఫీల్డ్. టొరాంటో ఎఫ్.సి. జట్టు సాకర్ ఆడే మైదానం. (ప్రపంచమంతా ఫుట్‌బాల్ అనేదాన్ని ఇక్కడ సాకర్ అంటారని కొత్తగా వచ్చినవాళ్ళు గమనించగలరు.)

వెళ్ళడం చాలా తేలిక. యూనియన్ స్టేషన్లో లేక్‌షోర్ వెస్ట్ గో ట్రైనెక్కితే తర్వాతి స్టేషనే ఎగ్జిబిషన్. సీట్లో సర్దుకు కూర్చునేలోపే దిగిపోవాలి. 509 స్ట్రీట్‌కార్ ఎక్కినా సరే, ఎర్ర చొక్కాల వాళ్ళు ఎటు నడిస్తే అటు నడవండి, చాలు. వేసవి చివర్లో సి.ఎన్.ఈ. తిరనాళ్ళు జరిగేదీ ఈ ఆవరణలోనే. 2007లో స్టేడియం తెరిచినప్పుడు 20 వేల సీట్లు, కింద ప్లాస్టిక్ గడ్డి. 2010లో అసలు గడ్డి వచ్చింది. తర్వాత సీట్లు పెరిగాయి, పైన కప్పులు లేచాయి. సరస్సు మీది గాలికి మాత్రం ఇంతవరకూ ఎవరూ కప్పు వెయ్యలేకపోయారు. మే నెల కదా అని పల్చటి చొక్కాతో వెళ్ళారో, అర్ధగంటలో దేవుడు గుర్తొస్తాడు.

దక్షిణం వైపు స్టాండులో కూర్చుంటే (అక్కడ ఎవరూ కూర్చోరు, అది వేరే సంగతి) తొంభై నిమిషాలూ డప్పులూ పాటలే. ఆట 24వ నిమిషం రాగానే జనం డానీ డిచియో పేరు ఎత్తుకుంటారు. 2007 మే 12న ఈ క్లబ్బు చరిత్రలో మొదటి గోల్ వేసింది ఆయనే, ఆ నిమిషంలోనే. ఆరోజు సంబరంలో జనం తమకు పంచిపెట్టిన సీటు దిండ్లను మైదానంలోకి విసిరేశారు. ఆయన రిటైరై ఎన్నేళ్ళయినా ఆ పాట మాత్రం ఆగలేదు.

ఇంతకీ నేను చెప్పదలచుకున్నది ఆట గురించి కాదు, ఆట అయ్యాక తిరుగు ట్రైన్లో జరిగే వాదన గురించి. మా గుంపు నలుగురం. ఒకాయనది గుంటూరు, ఒకాయనది సికింద్రాబాద్, ఒకాయన యార్క్‌షైర్ నుంచి వలస వచ్చిన మా ఆఫీసు పెద్దాయన, నాలుగోవాణ్ణి నేను. మ్యాచ్ ఏదైనా, స్కోరు ఎంతైనా, వాదన మాత్రం ఒకటే: ఓడిపోతున్న కోచ్ నేర్చుకుని బాగుపడతాడా, లేక మార్చెయ్యాలా? గుంటూరాయన దగ్గర దీనికి రెడీమేడ్ జవాబు ఉండేది. "మొక్కై వంగనిది మానై వంగునా గురూ?"

యార్క్‌షైర్ పెద్దాయనకి ఇది సరదా కబురు కాదు. ఆయనది లీడ్స్ యునైటెడ్. ఇంగ్లండు ప్రీమియర్ లీగ్‌లో 20 జట్లు. ఏటా అడుగున మిగిలిన మూడింటిని కింది లీగ్‌కి దింపేస్తారు. దీన్నే రెలిగేషన్ అంటారు. టీవీ డబ్బు పడిపోతుంది, మంచి ఆటగాళ్ళు వెళ్ళిపోతారు, ఆఫీసులో టైపు చేసుకునేవాళ్ళ ఉద్యోగాలకీ గ్యారంటీ ఉండదు. మనకి తెలిసిన ఉదాహరణ కావాలంటే రంజీ ట్రోఫీ చూడండి. 1937-38లోనూ 1986-87లోనూ ఆ ట్రోఫీ గెలిచిన హైదరాబాదు జట్టు 2022-23లో తన గ్రూపులో ఆఖరున నిలిచి ప్లేట్ గ్రూపులోకి జారింది. మరుసటేడు ప్లేట్ గెలిచి పైకొచ్చింది. పడటం, లేవటం రెండూ ఉన్నాయి అందులో.

టొరాంటో ఎఫ్.సి. ఆడే మేజర్ లీగ్ సాకర్‌లో ఈ బాధ లేదు. ఆఖరున నిలిచినా మరుసటేడు అదే లీగ్. కెనడాలో మెట్లెక్కడం, దిగడం చూడాలంటే ఇంకా కిందికి వెళ్ళాలి. లీగ్1 ఒంటారియో 2024లో మూడు అంతస్తులు కట్టి ఆ పద్ధతి మొదలుపెట్టింది. అందుకని మా పెద్దాయన మమ్మల్ని చూసి నవ్వేవాడు, "మీకు పాతాళం లేదు, అందుకే స్వర్గం విలువ తెలీదు" అని.

స్వర్గం సంగతేమో గానీ పాతాళం మాకు బాగానే తెలుసు! 2012లో మా జట్టు లీగ్‌లో మొదటి తొమ్మిది మ్యాచ్‌లూ వరసగా ఓడింది. సీజను చివరికి 23 పాయింట్లతో అందరికన్నా అడుగున. కోచ్‌ల సంగతి చెప్పక్కర్లేదు. 2007 నుంచి 2014 ఆగస్టు దాకా తాత్కాలికులతో కలిపి ఎనిమిది మంది మారారు. అద్దె ఇంట్లో కాపురం ఉన్నవాళ్ళు కూడా అంత తరచుగా మారరు.

తొమ్మిదోవాడు గ్రెగ్ వానీ. 2014 ఆగస్టు చివర్లో వచ్చాడు. ఆ ఏడు ప్లేఆఫ్‌లు అందలేదు. 2015లో మొట్టమొదటిసారి ప్లేఆఫ్‌కి చేరారు గానీ, మాంట్రియల్ వెళ్ళి 3-0తో చిత్తుగా ఓడి వచ్చారు. ఆ సీజన్లో మా జట్టు పుచ్చుకున్న గోల్స్ 58. ముందు వరసలో సెబాస్టియన్ జొవింకో లాంటి చిచ్చరపిడుగు 22 గోల్స్ వేసి లీగ్‌లో ఉత్తమ ఆటగాడనిపించుకుంటే, వెనక చిల్లు కుండ! ఆ చలికాలమంతా ట్రైన్లో గుంటూరాయనదే పైచేయి. ఇతనికి ఎత్తుగడలు తెలియవు, తొమ్మిదోవాణ్ణి పంపించి పదోవాణ్ణి తేవాల్సిందే అని.

క్లబ్బు మాత్రం అతన్నే ఉంచింది. తరవాత జరిగింది కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే అసలు రుచి ఇక్కడే ఉంది. ముందు కారుతున్న చోటు పట్టుకున్నారు. డ్రూ మూర్ లాంటి అనుభవమున్న డిఫెండర్లని, కొత్త గోల్‌కీపర్ని తెచ్చారు. 2016లో పుచ్చుకున్న గోల్స్ 58 నుంచి 39కి దిగాయి. సీజను చివర్లో వానీ పద్ధతే మార్చాడు. వెనక నలుగురి బదులు ముగ్గురు డిఫెండర్లు, రెండు పక్కలా పైకీ కిందికీ పరిగెత్తే ఇద్దరు. ఆ ఏడు డిసెంబరు 10న ఫైనల్ మన బి.ఎం.ఓ. ఫీల్డ్‌లోనే. ఎముకలు కొరికే చలిలో 36 వేల మంది. సియాటిల్ జట్టు గోల్ మీదికి గురిచూసి ఒక్క షాటూ కొట్టలేకపోయింది. అయినా 0-0 అయి, పెనాల్టీల్లో వాళ్ళే గెలిచారు!

మరుసటేడు 2017 డిసెంబరు 9. అదే మైదానం, అదే సియాటిల్, అదే ఫైనల్. మూడు డిఫెండర్ల పద్ధతితో సీజనంతా 69 పాయింట్లతో అప్పటికి లీగ్ రికార్డు కొట్టిన కోచ్ ఏం చెయ్యాలి? గెలుస్తున్న ఎత్తుగడే వెయ్యాలి కదా! వానీ దాన్ని పక్కనబెట్టి, వెనక నలుగురిని నిలబెట్టి, మధ్యలో నలుగురిని వజ్రం ఆకారంలో పెట్టాడు. ఎదుటివాళ్ళు పోయినేడు చదివిన పుస్తకం పట్టుకొచ్చారు, సిలబస్ మారిపోయింది. ఆల్టిడోర్ ఒకటి, విక్టర్ వాస్కెజ్ ఒకటి, 2-0. కెనడియన్ ఛాంపియన్‌షిప్, సపోర్టర్స్ షీల్డ్, ఎం.ఎల్.ఎస్. కప్ మూడూ ఒకే ఏడు గెలిచిన మొదటి జట్టు ఇదే. రెండేళ్ళ క్రితం "ఎత్తుగడలు తెలియని" మనిషి ఎత్తుగడతోనే కప్పు గెలిచాడు.

"మాను వంగింది కదా?" అన్నాను ఆ రాత్రి ట్రైన్లో. గుంటూరాయన కిటికీలోంచి బయటికి చూస్తూ "అది మొక్కే అయ్యుంటుంది గురూ, మనమే మాననుకున్నాం" అన్నాడు. ఓటమి ఒప్పుకోవడంలో ఆయన పద్ధతి అది.

సికింద్రాబాదాయనకి ఇదంతా కొత్తగా అనిపించలేదు. "మన రహీం సాబ్ కథ కాదా ఇది భాయ్?" అన్నాడు. బడిపంతులుగా పనిచేసి, హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టునీ భారత జట్టునీ నడిపించిన సయ్యద్ అబ్దుల్ రహీం గురించి. 1951లో ఢిల్లీ ఆసియా క్రీడల్లో స్వర్ణం. మరుసటేడే హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1! మనవాళ్ళలో చాలామంది అప్పటికి ఉత్త కాళ్ళతోనే ఆడేవారు. ఆ దెబ్బతో బూట్లు వచ్చాయి, ఆట పద్ధతి మారింది. 1956 మెల్‌బోర్న్‌లో అదే కోచ్, ఆస్ట్రేలియాని 4-2తో కొట్టి సెమీఫైనల్. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో తలకి గాయమైన డిఫెండర్ జర్నైల్ సింగ్‌ని ఫార్వర్డుగా ఆడించాడు. ఫైనల్లో అతనే ఒక గోల్ వేశాడు, దక్షిణ కొరియాపై 2-1తో స్వర్ణం. ఆ జట్టులో సికింద్రాబాద్ అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరాం కూడా ఉన్నాడు. ఈ ముక్క చెప్పేటప్పుడు మా వాడి గొంతు కాస్త పెద్దదవుతుంది. "పదికి ఒకటితో ఓడినవాణ్ణి ఆ రోజే ఇంటికి పంపేస్తే జకార్తా ఎక్కడుండేది భాయ్?"

ఇక పెద్దాయన లీడ్స్. 2022లో జెస్సీ మార్ష్ అనే అమెరికన్ కోచ్ వచ్చి ఆ జట్టుని ఆఖరి రోజున గట్టెక్కించాడు. 2023 ఫిబ్రవరిలో తీసేశారు. ఆటగాళ్ళనందరినీ మధ్యలో ఇరికించి ఆడిస్తాడని ఫిర్యాదు. తర్వాత ఇంకో ఇద్దరు వచ్చారు, అయినా మే 28న లీడ్స్ మునిగింది. అదే మార్ష్ 2024 మేలో కెనడా జాతీయ జట్టుకి కోచ్ అయ్యాడని తెలిసిన రోజున పెద్దాయన భోజనం మానేశాడు! మొదటి మ్యాచ్‌లో నెదర్లాండ్స్ చేతిలో 4-0. మూడు రోజులకే ఫ్రాన్స్‌తో 0-0. నెల తిరిగేసరికి కోపా అమెరికాలో మొదటిసారి ఆడుతూనే సెమీఫైనల్! నేర్చుకున్నాడా? పెద్దాయన ఒప్పుకోడు. "అతను మారలేదు, అతని పద్ధతికి సరిపడే కుర్రాళ్ళు దొరికారు" అంటాడు. 2025 గోల్డ్ కప్‌లో గ్వాటెమాలా చేతిలో పెనాల్టీల్లో ఓడినప్పుడు ఆ మాట మళ్ళీ గుర్తుచేశాడు. ఆయన అన్నదాంట్లోనూ న్యాయం ఉంది. ఎదగడం వేరు, సరైన చోట పడటం వేరు. బయటినుంచి చూస్తే రెండూ ఒకేలా కనిపిస్తాయి.

ఈ తేడా మన వలసదారులకి ఒకరు చెప్పక్కర్లేదు. హైదరాబాదులో పదిమంది టీముని నడిపిన నేను 2009లో ఇక్కడికొచ్చాక, "కెనడియన్ ఎక్స్‌పీరియెన్స్" లేదని ఒక కంపెనీ ఇంటర్వ్యూలో ఐదు నిమిషాల్లో తేల్చేశారు. రెండేళ్ళు హెల్ప్‌డెస్కులో పాస్‌వర్డులు మార్చి ఇచ్చాను. రెలిగేషన్ అంటే నాకు అదే. ఆ షరతు వివక్ష కిందికి రావచ్చని ఒంటారియో మానవ హక్కుల కమిషన్ 2013లో చెప్పింది. ఉద్యోగ ప్రకటనల్లో అది అడగరాదని 2024లో చట్టమే చేశారు.

2023లో టొరాంటో ఎఫ్.సి. మళ్ళీ అడుగుకి చేరింది. 34 మ్యాచ్‌ల్లో 4 గెలుపులు, 22 పాయింట్లు. జూన్ చివర్లోనే కోచ్ బాబ్ బ్రాడ్లీని పంపించేశారు. ఆయన వయసు 65. "ఈ వయసులో ఏం నేర్చుకుంటాడు" అని మా వెనక సీట్లో ఎవరో అన్నారు. గుంటూరాయన గిర్రున తిరిగి "వయసు సంగతి ఎందుకండీ? ఓడాక ఏం మార్చాడో అది చెప్పండి" అన్నాడు. వాళ్ళు తెల్లబోయారు. మాకు మాత్రం అర్థమైంది. ఆయనకి 47, అంతకు ఆరు వారాల ముందే కాంట్రాక్టు పొడిగించలేదు. కొత్త టెక్నాలజీకి కుర్రాళ్ళు కావాలన్నారట. కోబాల్ నుంచి జావాకి, జావా నుంచి క్లౌడ్‌కి మారిన మనిషి! ఆ ఎండాకాలం ఆయన బేస్‌మెంట్లో కూర్చుని మళ్ళీ పుస్తకాలు తీశాడు, మా పిల్లలతో పాటు పరీక్షలు రాశాడు. డిసెంబరులో ఉద్యోగం దొరికింది, జీతం కొంచెం తక్కువే. అప్పటినుంచి ఆయన నోట ఆ సామెత మళ్ళీ వినలేదు.

అంతమాత్రాన ప్రతి కోచ్‌కీ పదేళ్ళు గడువివ్వమని నేననను. రెలిగేషన్ లేని లీగ్ ఓపికకి ఎంత చోటిస్తుందో బద్ధకానికీ అంతే ఇస్తుంది. మా మైదానం రెండూ చూసింది. నేర్చుకోవడం ఒక్కసారితో అయిపోయేదీ కాదు. వానీ తర్వాత లాస్ ఏంజిలిస్ గెలాక్సీకి వెళ్ళి, 2023లో ఆ జట్టు చతికిలబడితే 2024లో కప్పు గెలిపించాడు. 2025లో అదే జట్టు మొదటి 16 మ్యాచ్‌ల్లో ఒక్కటీ గెలవలేదు! ఓడలు బళ్ళు, బళ్ళు ఓడలు. కాబట్టి "బాగుపడతాడా" అన్న ప్రశ్నకి జవాబు అతని మొహంలోనూ పుట్టిన తేదీలోనూ వెతక్కండి. చిల్లు ఎక్కడుందో పట్టుకున్నాడా, గెలుస్తున్నప్పుడు కూడా మార్చే ధైర్యం ఉందా, ఆ రెండే చూడండి.

2026 ప్రపంచ కప్‌లో 6 మ్యాచ్‌లు టొరాంటోకి, 7 వాంకూవర్‌కి కేటాయించారంటే ఈ సరస్సు ఒడ్డు మైదానం ఎంత దూరం వచ్చిందో ఊహించుకోండి. ప్రపంచ కప్ అక్కర్లేదు, మామూలు శనివారం లీగ్ మ్యాచ్‌కే రండి. మీ నాన్నగారిని తీసుకురండి, స్వెట్టరూ మంకీ క్యాపూ మర్చిపోకండి. పులిహోర మాత్రం ఇంటి దగ్గరే తినేసి రండి, గేటు దగ్గర సంచులు విప్పి చూస్తారు. ఆట అర్థం కాకపోయినా ఫరవాలేదు. తిరుగు ట్రైన్లో మా పక్కన కూర్చోండి, కోచ్‌ని ఉంచాలో పంపాలో మీ మాటా చెబుదురుగాని.